వెన్న రంగు గోడ

బుధవారం మధ్యాహ్నం నేను మా హాల్లో గోడ అలమర ఖాళీ చేసి, దాని లోపలి గోడని కూరగాయల కత్తితో గీకుతున్నాను. బొటనవేలి గోరంత పెచ్చు కావాలి నాకు. మెల్లగా గీకితే పొడి రాలుతోంది, గట్టిగా గీకితే గోడే ఊడి వచ్చేలా ఉంది. పక్క గదిలో మా మామయ్య మర్నాటి కంటి ఆపరేషనుకి సంచీ సర్దుకుంటూ, "ఏంటమ్మా ఆ చప్పుడు, ఎలకా?" అని అరిచారు.

"ఎలకే మామయ్యా" అన్నాను. అబద్ధం కూడా కాదు. ఆ వారమంతా ఆ ఇంట్లో ఎలక నేనే.

మామయ్య రంగుల మేస్త్రీ. నలభై రెండేళ్ళు ఇళ్ళకి రంగులు వేశారు. ఎవరైనా చిన్న గుడ్డముక్క చూపించి "ఈ రంగు కావాలి" అంటే చాలు, ఒక్కసారి చూసి మళ్ళీ దాని మొహం చూడకుండా బకెట్లో కలిపేసేవారు. ఆరాక చూస్తే గుడ్డకీ గోడకీ తేడా ఉండేది కాదు. అందుకే ఆయన్ని అసలు పేరుతో ఎవరూ పిలవరు. కన్ను మేస్త్రీ అంటారు. నా పెళ్ళిచూపుల్లో కూడా మా నాన్నకి "కన్ను మేస్త్రీ కొడుకు" అనే చెప్పారు, పెళ్ళికొడుక్కి కన్నేమైనా తేడానేమోనని మా అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు.

ఇంతలో బజార్లో రంగులు కలిపే మిషను కొట్టు వచ్చింది. గోడ పెచ్చు తీసుకెళ్తే మిషను దాన్ని చూసి, ఏ రంగు ఎన్ని చుక్కలు వెయ్యాలో అదే చెప్పి, అదే వేసి, డబ్బాని గిలక్కొట్టి చేతిలో పెడుతుంది. మామయ్యకి పనులు తగ్గాయి. "దానికి గాజు కన్ను ఒక్కటే. నాకు రెండున్నాయి" అనేవారు. ఆ పంతంతోనే రెండేళ్ళ క్రితం మా హాలుకి మళ్ళీ రంగు వేశారు. ఆ హాలుది ఎప్పుడూ వెన్న రంగే. పదేళ్ళ క్రితం ఆయనే వేశారు. మళ్ళీ అదే రంగు, నమూనా చూడకుండా, కంటితో కలిపి వేస్తానన్నారు. రెండు రోజులు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు.

మూడో రోజు తలుపు తీసి, బ్రష్షు చేత్తో పట్టుకుని, "ఎలా ఉందమ్మా?" అని నన్నడిగారు. కొడుకుని కాదు, నన్ను.

గోడ నీలంగా ఉంది. ముదురు నీలం కాదు. పాల గిన్నె కడిగితే అడుగున మిగులుతాయే, ఆ నీళ్ళ రంగు. ఆసుపత్రి వరండాలో నిలబడ్డట్టుంది. మా ఆయన నోరు తెరిచాడు. నేను ఆయన కాలు తొక్కాను.

"అచ్చు వెన్నే మామయ్యా" అన్నాను.

బాగుంది అని ఊరుకోవచ్చు కదా. "అచ్చు వెన్నే" అట. నా నోట్లో శని ఉంది. ఆ మాటకి ఆయన మొహం వెలిగిపోయింది, ఆ వారమే ఊళ్ళోకి వెళ్ళి మళ్ళీ పనులు ఒప్పుకున్నారు. ఆరు నెలల్లో నాలుగిళ్ళు చేశారు. నాలుగూ నీలంగానే వచ్చాయి. ఆ ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే నాకు ఫోను చేశారు, ఆయనకి చెయ్యడానికి వాళ్ళకీ నోరు రాలేదు. నేను నాలుగిళ్ళకీ వెళ్ళి చేతులు పట్టుకున్నాను. "పెద్దాయన, ఏమీ అనకండి. మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి, ఆయనకి మాత్రం తెలియనివ్వకండి" అన్నాను. అందరూ మంచివాళ్ళే. ఎవరూ అనలేదు. తర్వాత ఆయనకి మోకాళ్ళ నొప్పులు వచ్చి నిచ్చెన ఎక్కడం మానేశారు, నేను ఊపిరి పీల్చుకున్నాను.

పోయిన నెల మెట్టు కనపడక పడ్డారు. కంటి డాక్టరమ్మ చూసి, రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరిపోయాయి, ముందు కుడి కన్ను చేద్దాం, నెలాగి ఎడమది చేద్దాం అంది. ఊరికే అంతవరకే చెప్పి పంపితే బాగుండేది. "ఇన్నేళ్ళూ మీరు పసుపు అద్దాల్లోంచి చూస్తున్నట్టే తాతగారూ. ఆ పొర నీలాన్ని మింగేస్తుంది. కట్టు విప్పాక నీలం చూసి ఆశ్చర్యపోతారు" అంది నవ్వుతూ. మామయ్య కూడా నవ్వారు. నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండేళ్ళుగా మాకు అంతుపట్టనిది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. పొర నీలాన్ని మింగేస్తుంటే, తన కంటికి సరిగ్గా కనపడేదాకా ఆయన బకెట్లో నీలం పోస్తూనే పోయారన్నమాట.

కట్టు విప్పుకుని ఇంటికి వచ్చాక ఆయన కొత్త కంటికి మొట్టమొదట కనపడేది ఆ గోడే. అది చూశారంటే తన కన్ను ఎప్పుడు పోయిందో క్షణంలో తెలిసిపోతుంది. మనిషికి కాలు పోతే కర్ర ఇస్తాం. కన్ను మేస్త్రీకి కన్ను పోయిందని చెబితే చేతికి ఏమిస్తాం? నాకు ఆ నెలంతా నిద్ర సరిగ్గా పట్టలేదు.

అలమర లోపల మాత్రం ఆయన రెండేళ్ళ క్రితం రంగు వెయ్యలేదు. అక్కడ పదేళ్ళనాటి వెన్న రంగు ఎండ తగలకుండా అలాగే ఉంది. అదీ ఆయన కలిపిందే, కళ్ళు బాగున్నప్పుడు. ఆ పెచ్చు తీసుకెళ్ళి మిషను కొట్టులో అదే రంగు కలిపించి, ఆయన వచ్చేలోగా గోడకి వేసెయ్యాలని నా ఆలోచన. గురువారం ఆపరేషను. తర్వాత ఆదివారం దాకా ఆసుపత్రి దగ్గరే ఉన్న మా ఆడపడుచు ఇంట్లో ఉంటారు. చాలినంత టైముంది.

"చెప్పేస్తే పోతుంది కదా" అన్నాడు మా ఆయన.

"ఆపరేషను ముందు రోజా? మీరు చెప్పండి చూద్దాం."

ఆయన సంచీ తీసుకుని బస్సు టైము చూడ్డానికి వెళ్ళిపోయాడు.

నేను పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో, కౌంటరు దగ్గర. ఏ శాంపిలైనా సరే సంచీలో వేసి, మూసి, తేదీ రాసి అంటించకపోతే నా చెయ్యి ఊరుకోదు. ఆ గోడ పెచ్చు కూడా పొడిపొడి అయిపోతుందేమోనని దాని మొహం మీద నున్నగా టేపు అంటించాను. కవర్లో పెట్టి, "హాలు, అలమర లోపల, బుధవారం" అని రాశాను. గురువారం మామయ్యని ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళారని మా ఆయన ఫోను చేసేసరికి నేను రంగుల కొట్లో ఉన్నాను. కొట్టు నిండా జనం. మిషను దగ్గరున్నావిడ, మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడేసుకున్న మనిషి, కవరు తీసుకుని, పెచ్చుని మిషను కింద పెట్టి, పది నిమిషాల్లో డబ్బా ఇచ్చేసింది. ఇంతేనా అనుకున్నాను. ఇంత సుఖమైన పనికి నెలరోజులు ప్రాణం గుప్పెట్లో పెట్టుకున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

శుక్రవారం తెల్లారి తలుపు పక్కన మూరెడు మేర వేసి చూశాను. ఆరింది. చూద్దును కదా, పసుపుపచ్చ! వెన్న కాదు, నెల్లాళ్ళు బయట పెట్టేసిన వెన్న. నీలం గోడ మీద ఆ పసుపు మచ్చ వంద అడుగుల నుంచి కనపడుతోంది. ఇదివరకు ఒక్క తప్పే, ఇప్పుడు రెండు. ల్యాబుకి సెలవు చెప్పి కొట్టుకి పరిగెత్తాను.

"మీ మిషనుకి కళ్ళు పోయాయా?" అన్నాను లోపలికి అడుగు పెడుతూనే.

ఆవిడ పెచ్చు ఇమ్మని చెయ్యి చాచింది. కళ్ళజోడు పెట్టుకుని దాన్ని వెలుతురుకి అటూ ఇటూ తిప్పింది.

"దీని మీద ఇదేంటమ్మా, టేపా?"

"ఊడిపోకుండా అంటించాను."

"మీరు రంగు చూపిద్దామని తెచ్చారు. మిషను టేపు పసుపు చూసింది. అది పైన ఏముంటే దాన్నే చూస్తుంది, కింద ఏముందో ఊహించుకోదు. నిన్న జనంలో నేనూ చూసుకోలేదు, నాదీ తప్పే. వేరే పెచ్చు తెండి."

టేపు లాగితే రంగు దాంతోపాటే వచ్చేసింది. మళ్ళీ ఇంటికి, మళ్ళీ అలమర, మళ్ళీ కూరగాయల కత్తి. అప్పుడే ఆడపడుచు ఫోను.

"వదినా, నాన్నకి కట్టు విప్పారు. చాలా బాగా కనపడుతోందట. మా కుండీలో ఆకులన్నీ లెక్కపెడుతున్నాడు. రేపు సాయంత్రమే ఇంటికి వచ్చేస్తానంటున్నాడు."

"ఆదివారం కదా అన్నారు!"

"వినడం లేదు వదినా. హాలు చూసుకోవాలట."

గోరుచుట్టు మీద రోకటి పోటు. మా ఆడపడుచుకి ఈ గొడవంతా తెలుసు కాబట్టి "ఆపు, ఎలాగైనా ఆపు" అన్నాను. "నాన్ననా? నువ్వే వచ్చి ఆపు" అని పెట్టేసింది.

రెండో పెచ్చుని అరచేతిలో పెట్టుకుని, పిచ్చుక పిల్లని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాను. ఈసారి ఆవిడ తొందరపడలేదు. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచింది, మూడు చోట్ల చూపించింది, కలిపిన రంగు ఒక చుక్క తీసి ఆ పెచ్చు మీదే పూసి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆరబెట్టింది. ఆరేకొద్దీ ఆ చుక్క కనపడకుండా పోయింది. ఎక్కడ పూసిందో చెప్పమంటే చెప్పలేకపోయాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఈ రంగు కలిపినాయన మంచి పనివాడమ్మా" అంది ఆవిడ తెర మీద ఏదో చూస్తూ. "ఇందులో నలుపు ఒక్క చుక్క పడింది. వెన్న రంగులో నలుపు వెయ్యాలని ఎవరికీ తోచదు. అది లేకపోతే ఇది పిచ్చి పసుపైపోయేది."

ఎవరు కలిపారో నేను చెప్పలేదు. ఆ కొట్టు గుమ్మం ఆయన ఇంతవరకు తొక్కలేదు.

శనివారం తెల్లవారుజామునే మొదలుపెట్టాం. రాత్రి బస్సుకి తిరిగొచ్చిన మా ఆయన రోలరు, నేను అంచులకి బ్రష్షు. మొదటి పూత పడ్డాక నాలుగు గంటలు ఆగాలి. ఆ నాలుగు గంటలూ నేను గోడ ముందు ఫ్యాను పెట్టుకుని, గడియారం వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుని, నిమిషానికోసారి చూశాను. కింద నీలం ఇంకా పొటమరిస్తోందా అని తల ఓసారి ఇటు వంచి, ఓసారి అటు వంచి చూశాను. రెండో పూత మూడింటికి అయింది. కొత్త రంగు వాసన పోవడానికి ఉల్లిపాయలు కోసి గిన్నెల్లో నీళ్ళు పోసి మూలమూలనా పెట్టాను. ఇల్లంతా రంగూ ఉల్లిపాయా కలిసిన కంపు.

"నలభై రెండేళ్ళు రంగు పీల్చిన ముక్కు. ఆయనకి ఈ వాసన తెలియదు, ఉల్లిపాయే తెలుస్తుంది" అన్నాడు మా ఆయన. గిన్నెలన్నీ మళ్ళీ తీశాను.

అయిదింటికి వచ్చారు. నల్ల కళ్ళజోడు, చేతిలో చుక్కల మందు సంచీ, వెనకే ఆడపడుచు. గుమ్మంలో నిలబడి కళ్ళజోడు తీశారు. నేను వంటింటి తలుపు పట్టుకుని నిలబడ్డాను.

గోడని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. తర్వాత కూతురి వైపు తిరిగి, "చూశావా? కళ్ళు పోయాయి, కళ్ళు పోయాయి అని ఊదరగొట్టారు. పోయిన కళ్ళతో వేసిన గోడ అది. ఏ మిషను కలపగలదే దాన్ని?" అన్నారు.

నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. మా ఆయన నా వైపు చూడకుండా టీ పెట్టడానికి వెళ్ళాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినా, ఒక్కోసారి ఎవరూ చూడరు కాబోలు అనుకున్నాను.

మామయ్య కుర్చీలో కూర్చుని, కొత్త కంటితో ఆట మొదలుపెట్టారు. ఒక అరచేత్తో ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, అన్నీ చూస్తున్నారు. తలెత్తి ఇంటి పైకప్పు చూశారు. "ఈ కంటికి తెలుపు. ఈ ముసలి కంటికి టీ ఒలికిన తెలుపు." కూతురి పైట చూశారు. "ఈ కంటికి నీలం, ఆ కంటికి బూడిద." అందరం నవ్వుతున్నాం. నేనే మళ్ళీ "నా గాజులు చూడండి మామయ్యా" అని చెయ్యి చాచాను. రానున్నదేమిటో నా బుర్రకి తట్టలేదు.

అలాగే నవ్వుతూ గోడ వైపు తిరిగారు. ఎడమ కన్ను మూశారు. కుడి కన్ను మూశారు. మళ్ళీ ఎడమది. మళ్ళీ కుడిది. నవ్వు మొహం మీద అలాగే ఉండి, మెల్లగా పోయింది.

"అమ్మాయ్" అన్నారు. నన్నే.

"ఏంటి మామయ్యా?"

"ఈ కొత్త కంటికి గోడ వెన్న రంగులో ఉంది. పాత కంటికి టీ వడగట్టిన గుడ్డలా ఉంది. నేనీ గోడ వేసినప్పుడు నాకున్నవి రెండూ పాత కళ్ళే. ఆ కళ్ళకి ఆ రోజు ఇది వెన్నలాగే కనపడింది. అవునా?"

నేను చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మరి ఇవాళ ఆ కంటికి ఎందుకు కనపడదు? కన్ను అదే. అయితే గోడ అది కాదు."

లేచి వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించారు. కొత్త రంగు చల్లగా ఉంటుంది, ఆ సంగతి ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఎప్పుడు వేశారు?"

"ఇవాళే."

"కలిపిందెవరు?"

"మిషను."

"దేన్ని చూసి?"

"అలమర లోపల మీరు పదేళ్ళ క్రితం వేసిన రంగు చూసి."

తల ఊపారు. "బాగా కలిపింది" అన్నారు. కోప్పడినా బాగుండేది. ఆ రెండు మాటలూ నాకు గుచ్చుకున్నాయి.

"నేను వేసింది ఎలా ఉండేది?"

"కొంచెం నీలంగా."

"కొంచెమా?"

"కొంచెం కాదు మామయ్యా."

"నీకెప్పుడు తెలుసు?"

"మీరు బ్రష్షు పట్టుకుని అడిగారు చూడండి, అప్పుడే."

"అచ్చు వెన్నే అన్నావు."

"అన్నాను."

మా ఆయన టీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయాడు. మామయ్య మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. గొంతు పెంచలేదు.

"ఇది మనిల్లు కదమ్మా. మనింట్లో తప్పు చేస్తే ఎవరు చూడొచ్చారు? నేనే నవ్వుకుని దిద్దుకునేవాణ్ణి. అప్పుడే డాక్టరు దగ్గరికి పోయేవాణ్ణి. నువ్వు అచ్చు వెన్నే అన్నాకే కదా, నేను నాలుగిళ్ళకి వెళ్ళాను."

నేను రెండేళ్ళుగా ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. కొంగున కట్టుకుని మోస్తున్నాననుకున్నాను. ఆయన్ని నాలుగు గుమ్మాలు ఎక్కించి దాన్ని పోగొట్టుకోమని పంపింది నేనే. ఇదే ముక్క ఇన్ని రాత్రుల్లో నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

"ఆ నాలుగిళ్ళూ ఏమయ్యాయి? ఒక్కొక్కటే చెప్పు. దాచకు."

"నాన్నా, కంట్లో నీళ్ళు రాకూడదన్నారు" అంది ఆడపడుచు.

"రావులే. చెప్పమ్మా."

నేను ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. మొదటిది డ్రిల్లు మాస్టారి ముందు గది. మీరు నిచ్చెన తెచ్చేసుకున్న వారానికే వేరేవాళ్ళని పిలిచి మళ్ళీ వేయించారు అన్నాను.

"ఊ."

రెండోది బేకరీ ఆయన మేడ. గోడ కనపడకుండా అటక దాకా అరలు బిగించుకున్నారు.

"ఊ."

మూడోది నర్సమ్మ గది అనగానే చెయ్యెత్తి ఆగమన్నారు. ఆ గది ఆయనకి అన్నిటికన్నా నచ్చిన పని. మూడుసార్లు కలిపి పారబోసి, నాలుగోసారి వేశారు. ఆ వీధిన వెళ్ళినప్పుడల్లా ఓసారి తలెత్తి చూసుకునేవారు. ఎత్తిన చెయ్యి దించి, "చెప్పు" అన్నారు.

"ఆవిడా మళ్ళీ వేయించుకుంది మామయ్యా. మీరు ఆ వీధిన వెళ్తున్నారని తెలిస్తే ఆ గది కిటికీ మూసేసేది. మీ కంట పడకుండా."

"అదా" అన్నారు. "ఎప్పుడు చూసినా మూసే ఉంటుంది, ఆవిడకి ఎండ పడదు కాబోలు అనుకునేవాణ్ణి."

టీ చల్లారిపోయింది. ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గోడ వైపే చూస్తున్నారు, ఈసారి ఏ కన్నూ మూసుకోలేదు. చాలాసేపటి తర్వాత "ఊ" అన్నారు.

"తర్వాతది?"

నాలుగో ఇంటి సంగతి చెప్పడం మొదలుపెట్టాను.